దిగిరాని బీజాన్ని దింపిన సారు

సూర్యాపేటలో పిల్లలకు ఆపరేషన్లు చేసే మా సర్జన్ సారు మొన్న చనిపోయారు. కబురు అందేసరికి నేను మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు మోటారు విప్పుకొని కూర్చున్నాను. ఇక ఆ పూట పని సాగలేదు. నాకు ప్రశ్నల పిచ్చి. నా ప్రశ్నలన్నిటికీ విసుక్కోకుండా జవాబు చెప్పిన డాక్టరు ఆయనొక్కరే.

మా అబ్బాయి చంటిపిల్లాడుగా ఉన్నప్పుడు స్నానం పోస్తూ మా అమ్మ కనిపెట్టింది, ఎడమ పక్క వృషణం సంచిలోకి దిగలేదని. మొలతాడు బిగువై పైకి పోయిందేమోనని దాన్ని విప్పి వదులుగా కట్టింది. నా భార్య భయం వేరు. సంగతి కోదాడలో తన పుట్టింటివైపు పొక్కితే రేపు పిల్లాడి పెళ్లికి అడ్డం వస్తుందట. పాలు తాగేవాడికి పెళ్లి బెంగ! ఏడాది దగ్గరపడినా అది దిగలేదు. చివరికి జ్వరమని ఇరుగుపొరుగుకు చెప్పి సూర్యాపేట బయల్దేరాం.

సారు ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకున్నారు. చల్లటి చెయ్యి తగిలితే బీజం ఇంకా పైకి జారుతుందట. పిల్లాడిని అమ్మ ఒళ్లోనే కూర్చోబెట్టి, ఆడిస్తూ తడిమి, దొరకడం లేదు, ఆపరేషన్ చేయాలన్నారు. తప్పు మొలతాడుది కాదని మా అమ్మతో చెప్పి నవ్వారు.

కోసి చేసేదానికంటే కెమెరా పెట్టి చేసేదే మంచిదట కదా అని అడిగాను. ఆయన నన్నే ఎదురు అడిగారు.

"లాగుల నాడా లోపలికి పోతే ఏం జేస్తవ్ తమ్మీ?"

బట్ట పైనుంచి తడిమి వెతుకుతానన్నాను.

"గంతే. చేతికి తగిలితే గాడనే చిన్నగ కోసి దింపుత. తగలకపోతే బొడ్డుకాడ కెమెరా పెట్టి పొట్టల సూస్త. ఏది గొప్పదని కాదు, అది యాడున్నదనేదే లెక్క."

మరి కెమెరాకు కూడా కనబడకపోతే? అసలు పెరగకుండానే పోయి ఉండొచ్చనీ, అప్పుడు రెండోదే ఆ పనంతా చూసుకుంటుందనీ దాచకుండా చెప్పారు. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కెమెరా ఆపరేషనే అనుకుని సిద్ధపడ్డాం. మత్తు ఇచ్చాక మరోసారి తడిమి చూడటం ఆయన అలవాటు. మత్తులో ఒళ్లు వదులైందేమో, గజ్జల్లో చేతికి తగిలిందట. కెమెరా పక్కన పెట్టేసి, అక్కడే చిన్న గాటు పెట్టి, కిందికి దింపి సంచిలో కుట్టారు. దొరికిందని బయటికొచ్చి చెబుతుంటే ఆయన ముఖం చూడాలి, తన వస్తువే పోయి దొరికినంత సంబరం. నేను ఊరుకుంటానా? మెలకువగా ఉన్నప్పుడు ఎందుకు తగల్లేదని అడిగాను. పిల్లలు పొట్ట బిగబడతారని, తన పొట్టే బిగబట్టి చూపించారు.

ఇంటికి పంపేటప్పుడు నా భార్యను పిలిచారు.

"వానికాడ దాచకమ్మా. పెద్దగైనంక గడ్డలేమన్న తగులుతున్నయా అని వాడే చేత్తోని సూసుకుంటుండాలె. నువ్వు చెప్పకపోతే, కోసిన గుర్తు సూసి నాలో ఏదో ఖరాబున్నదని బుగులు పడతడు."

ఆ మాట చెప్పడానికి ఆమెకు ఏళ్లు పట్టింది. నిరుడు చెప్పింది, పొయ్యివైపు తిరిగి, వాడి ముఖం చూడకుండా. వాడు అంతా విని, అన్నం పెట్టమన్నాడు.

అంత్యక్రియలనాడు ముగ్గురం వెళ్లాం. సారు ఇంటిముందు పెన్‌పహాడ్ నుంచి, మఠంపల్లి నుంచి వచ్చిన తండ్రులూ కొడుకులూ. సారు మీకెట్లా తెలుసని ఒకరినొకరు అడుగుతున్నారు. చిన్నప్పుడు ఏదో ఆపరేషన్ అని అందరూ నేల చూస్తున్నారు. అన్ని ఇళ్లలోనూ ఇదే భయమా అనిపించింది.

ఒక పెద్దాయన మావాడినీ అడిగాడు. నా భార్య గబుక్కున వాడి చెయ్యి పట్టుకుంది.

"నా బీజం ఒకటి దిగలేదు తాతా. సారు దింపిండు" అన్నాడు వాడు, మామూలు గొంతుతో.

గోడ పక్కన, పసిబిడ్డను చంకనేసుకుని ఒక మీసాల యువకుడు నిలబడి ఉన్నాడు. తలెత్తి మావాడి వైపు చూశాడు.

"నాకు గూడ" అన్నాడు.