పూలమార్కెట్‌లో ఒక నమస్కారం

ఈ పొద్దున గుడిమల్కాపూర్ మార్కెట్‌లో బంతిపూలు కొంటుంటే, అమ్మే అతని నడుముకున్న తువ్వాలు వదులైంది. తక్కెడ పక్కన పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. తువ్వాలు బిగించి ముడేసి, రెండు కొసలూ సమానంగా ఉన్నాయని చూసుకున్నాకే ఇటు తిరిగాడు.

నేను పూలు మర్చిపోయి అతన్నే చూస్తుండిపోయాను. శాలిబండలో మా కరాటే సార్ అచ్చం ఇలాగే నేర్పారు. బెల్టు జారితే అటు తిరిగి కట్టుకోవాలి, ఎదుటివాళ్ళకి సిద్ధంగా ఉన్న మనిషే కనిపించాలి అనేవారు. పదో తరగతిలో మానేశాను. ఆ బెల్టు ఎక్కడుందో కూడా తెలియదు.

“భాయ్, కరాటే నేర్చుకున్నవా?” అనడిగాను.

“చిన్నప్పుడు అక్కా. మీకెట్ల ఎర్కైంది?”

“అటు తిరిగి కట్టుకున్నవ్ గదా. నేను గూడ నేర్చుకున్న.”

అంతే, అంత రద్దీలోనూ చేతులు తొడలకానించి, నడుం వంచి నాకు నమస్కరించాడు. మా క్లాసులో ఆ నమస్కారానికి తిరిగి వంగకపోతే పెద్ద తప్పు. జనం చూస్తున్నారని నేను నవ్వేసి, సంచి పట్టుకుని వచ్చేశాను.

మీరైతే వంగేవారా? నిజం చెప్పండి.

రేపు మళ్ళీ పూలకి వెళ్తున్నాను. ఇంట్లో పూజేమీ లేదు.