సిగిడి దగ్గర అంటించిన బీడీ

మా చిన్నప్పుడు... నాన్న కోసం బీడీ అంటించి తెచ్చే పిల్లాడిని బీడీ తాగేవాడని ఎవరైనా అనేవారా? ఏళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

మహారాష్ట్రలోని భద్రావతిలో బొగ్గుగని క్వార్టర్లు మావి. గనిలోకి అగ్గిపెట్టె తీసుకుపోనిచ్చేవారు కాదు. డ్యూటీ దిగి వచ్చిన నాన్న గుమ్మంలో కూర్చోగానే కేకేసేవాడు.

"అరే రవీ... బీడీ అంటుపెట్టుకరా బిడ్డా!"

సిగిడి పొయ్యి మండుతుండగా అగ్గిపుల్ల దండగ అనుకునే ఇల్లు మాది. రవి అన్న గూట్లోంచి బీడీ తీసి, వాకిట్లో రాక్షసిబొగ్గు రగిలే సిగిడి దగ్గరికి ఉరికేవాడు. అప్పుడు మూడో తరగతి. దమ్ము లాగకపోతే బీడీ అంటుకోదు కదా... బుగ్గలు లోపలికి పోయేలా ఒక్కటి లాగి, కళ్ల నీళ్లతో తెచ్చిచ్చేవాడు.

పక్క క్వార్టర్ మల్లయ్య కాక పగలబడి నవ్వేవాడు. "ఇంజన్ లెక్క ఇడుస్తుండు గదనే పొగ! నీ నౌకరీ వీనికే రాసియ్యి అన్నా!"

అన్న ఛాతీ విరుచుకునేవాడు. మేమంతా నవ్వేవాళ్లం. అమ్మ ఒక్కతే గొణిగేది... "పోరడు దగ్గుతుండు, నువ్వే పోయి అంటుపెట్టుకోరాదు?"

"ఒక్క దమ్ముకు ఏమైతదే!"

ఏడో తరగతిలో, బడి గోడ వెనక దోస్తులతో బీడీ తాగుతూ అన్న మాస్టరుకి దొరికాడు. ఆ సాయంత్రం నాన్న బెల్టు తీశాడు. "ఎవడు నేర్పిండురా నీకు?" దెబ్బలు తిన్నాడు గానీ అన్న ఎవరి పేరూ చెప్పలేదు.

ఇప్పుడు అన్న నాలుగు మెట్లెక్కితే ఆగిపోతాడు... ఊపిరితిత్తులు బాగా పాడయ్యాయట. పోయిన నెల చంద్రపూర్‌లో డాక్టరు, ఎప్పటి నుంచి అలవాటని మరాఠీలో అడిగాడు. ఏడో తరగతి నుంచి, దోస్తులు నేర్పారు అన్నాడు అన్న.

పక్కనే కూర్చున్న నాన్న నా వైపు తిరిగాడు. "ఇన్నవా బిడ్డా? గా దోస్తులే ఖరాబ్ చేసిండ్రు వీణ్ని." నిజంగా నమ్మే అన్నాడు...

నాన్న మందుల దుకాణంలో ఉండగా, బయట అన్నను మెల్లగా అడిగాను. "అట్ల చెప్పినవేందన్నా? మరి సిగిడి కాడ..."

"ఏ, అది తాగుడా? నాయిన చెప్పిన పని గది" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది.

సిగిడీలు పోయాయి. ఇప్పుడు మేముండే చంద్రపూర్ తుకుం పేటలో మా వీధి చివరి పాన్ ఠేలా దగ్గర మాత్రం, భుజాన బడి సంచితోనే 'పప్పా కోసం' సిగరెట్లు కొనే పిల్లలు కనిపిస్తూనే ఉంటారు... మీ ఇళ్లల్లోనూ ఇలాంటి పనులు పిల్లలకే చెప్పేవారా? రాయండి.

అన్న ఆ రోజు నాన్నను కాపాడాడో, నిజంగా అలాగే నమ్ముతున్నాడో... నేను తేల్చుకోలేకపోతున్నాను. అన్న మొదటి దమ్ము సిగిడి దగ్గరేనని నాన్నకి చెప్పాలో వద్దో కూడా.