పోటీలో పేషెంటు

మా బాయిలో నాకు రెండు పనులు. ఒకటి జీతమొచ్చే పని, భూమి లోపల పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులను లాగే తాడుకు తగిలించడం. రెండోది ఏడాదికొకసారి వచ్చే పని, పేషెంటుగా పడుకోవడం. బాయి అంటే బొగ్గుగని అని మా వైపు పిల్లలకు కూడా తెలుసు, దూరపువాళ్ల కోసం చెబుతున్నాను.

రక్షణ వారోత్సవాలు వచ్చాయంటే గనుల మధ్య ప్రథమ చికిత్స పోటీలు పెడతారు. ఒక్కో గని నుంచి ఒక్కో టీం. నేలమీద ఒక మనిషిని పడుకోబెడతారు. ఎడమ తొడ విరిగింది, కుడి ముంజేతి నుంచి రక్తం కారుతోంది, అని జడ్జి చీటీ తీసి చదువుతాడు. ఈల వేయగానే టీం ఉరికొచ్చి, చెక్క బద్దలు పెట్టి, గుడ్డలతో కట్లు కట్టి, స్ట్రెచర్ మీదికి ఎత్తాలి. కట్టు సరిగ్గా ఉండాలి, టైం తక్కువ పట్టాలి. ఆ పడుకునే మనిషిని నేను. బక్క పానం, ఎత్తడానికి సులువు, అందుకే నన్ను ఏరారు. మా ఆవిడ మాత్రం వాడకట్టంతా వినేటట్టు అనేది, "ఇంట్ల పని చెప్తే నడుము లేవదు, గాడ పండుకుంటె బహుమతులిస్తుండ్రు" అని.

ఆమె అన్నదాంట్లో ఒక్క ముక్క తప్పు. అక్కడ నా నడుము లేచేది. బహుమతులన్నీ దానివల్లే వచ్చాయి.

కాలికి కట్టు కట్టాలంటే గుడ్డలు మనిషి కింద నుంచి అవతలికి రావాలి. వెల్లకిలా పడుకున్నవాడి కింద గుడ్డ దూర్చడం ఎంత తిప్పలో ఒక్కసారి చేసి చూస్తే తెలుస్తుంది. పద్ధతి ప్రకారమైతే నడుము దగ్గరా మోకాళ్ల దగ్గరా సహజంగా ఉండే సందులోంచి గుడ్డను దూర్చి, మెల్లగా జరుపుకుంటూ కావలసిన చోటికి తెచ్చుకోవాలి. మనిషిని కదపకూడదు. షిఫ్టు దిగాక సాయంత్రాలు ప్రాక్టీసు చేసేటప్పుడు మాకు ఆలస్యమయ్యేదంతా అక్కడే. ఒకరోజు మా కెప్టెన్‌కు విసుగొచ్చింది. లోపల మా షిఫ్టు పనులు చూసే సర్దార్ ఆయన, ఓపిక తక్కువ. "జర లేపు తమ్మీ" అన్నాడు. నేను మడమల మీద బలం పెట్టి వేలెడంత నడుము లేపాను. గుడ్డ సర్రున దూరింది. అందరం నవ్వుకున్నాం.

అప్పటి నుంచి అదే అలవాటైంది. చెప్పనక్కర్లేకుండానే ఎవరి చెయ్యి ఎటు వస్తే అటు లేచేవాణ్ణి. స్ట్రెచర్ మీదికి ఎత్తేటప్పుడు కట్టెలా బిగుసుకునేవాణ్ణి. జడ్జీలు ముడులు చూస్తారు, గడియారం చూస్తారు, పేషెంటు నడుము ఎవరు చూస్తారు? మోసం చేస్తున్నామని మాకు తట్టనే లేదు. పేషెంటు కూడా టీంలో మనిషే కదా అనుకున్నాం. ఫస్టు ప్రైజు మాకే వచ్చింది, ఆ మరుసటేడు కూడా మాకే వచ్చింది. షీల్డు ఆఫీసులో పెట్టారు, మాకు తలా ఒక హాట్‌బాక్సు ఇచ్చారు. పడుకుని సంపాదించిన పేరే అయినా నేను కాలనీలో ఛాతీ విరుచుకుని తిరిగాను.

పోయిన వానాకాలం, ఫస్టు షిఫ్టులో, లోపల ఒక టబ్బు పట్టాలు తప్పి ఒక మనిషిని పక్క గోడకు అదిమింది. ఆయన మా పక్క క్వార్టరాయన. నాకంటే పెద్దవాడు, అన్నా అని పిలుస్తాను. నిలువెత్తు మనిషి, భారీ ఒళ్లు. బోథ్ దగ్గర వాళ్ల అన్నదమ్ముల చేను ఉంది. అక్కడి నుంచి జొన్నలు వస్తే ఒక సంచి మా గుమ్మంలో దింపిన తర్వాతే తన ఇంట్లోకి పోయేవాడు.

టబ్బును జరిపి ఆయన్ను నేలమీద పడుకోబెట్టేసరికి మా టీంలో నలుగురం అక్కడికి చేరాం. "ప్రైజు కొట్టినోళ్లు వచ్చిండ్రు, జరగుండ్రి" అని ఎవరో అంటే చుట్టూ ఉన్నవాళ్లు దారి ఇచ్చారు. నిజం చెప్పాలంటే, మనిషి అలా పడి ఉన్నా, ఆ మాటకు నాకు లోపల కొంచెం గర్వమే అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఎడమ తొడ విరిగిందని చూడగానే తెలుస్తోంది. ప్యాంటు మీద రక్తం లేదు. ఈ సంగతి నాకు బాగా గుర్తు, రక్తం లేదు. కెప్టెన్ బద్ద పెట్టి గుడ్డ దూర్చబోయాడు. దూరలేదు. ఎప్పుడూ నా బక్క ఒంటి కింద, అదీ లేచి ఉన్న ఒంటి కింద దూర్చిన చేతులవి. ఈయన బియ్యం బస్తాలా నేలకు ఆనుకుపోయి ఉన్నాడు. కెప్టెన్ మళ్లీ దూర్చాడు, గుడ్డ ముడతపడి ఆగిపోయింది. టోపీ లైట్ల వెలుగులో అందరూ మా చేతులే చూస్తున్నారు. నేను ఆయన తల దగ్గర కూర్చుని ఉన్నాను. మాట నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అన్నా, జర నడుము లేపు."

ఆయన లేపాడు. మంచి కాలి మీద బలం పెట్టి, అంత భారీ మనిషి, చెప్పిన మాట విని నిజంగానే లేచాడు. అప్పుడు ఆయన పెట్టిన కేక గురించి నేను రాయలేను. గుడ్డ దూరింది. ప్యాంటు మీద రక్తం కనిపించింది.

ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చిందని ఆస్పత్రిలో చెప్పారు. కరీంనగర్ తీసుకుపోయి ఆపరేషన్ చేసి రాడ్డు వేయించారు. గాయం చీము పడితే మళ్లీ కోశారు. నెలల తరబడి మంచం మీదే ఉన్నాడు. కాలు దక్కింది కానీ కాస్త పొట్టిదైంది, మోకాలు సరిగ్గా మడవదు. ఇక లోపలికి దిగలేడని పైన టోపీ లైట్లు ఇచ్చే ల్యాంపు రూములో తేలిక పని ఇచ్చారు. ఎముక టబ్బు దెబ్బకే బయటికొచ్చిందా, ఆ తర్వాత వచ్చిందా అని నన్ను ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకే తెలియదు.

ఈ ఏడు వారోత్సవాల్లో మమ్మల్ని స్టేజీ మీదికి పిలిచారు. పోటీ గెలిచినందుకు కాదు, ఒక మనిషి ప్రాణం కాపాడినందుకు. శాలువాలు కప్పి, తలా ఒక నిర్మల్ పెయింటింగు చేతిలో పెట్టారు. "నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశారు, ప్రాక్టీసు అంటే ఇదీ" అని మా గని పెద్దసారు మైకులో అన్నాడు. పాపం ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు, నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ముందు వరుసలో చేతికర్రతో కూర్చున్న అన్న అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. కిందికి దిగాక వాళ్ల ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "మా ఇంటాయన మీ చేతులతోనే బతికిండు తమ్మీ" అంది. ఆమె పట్టుకున్న చేతుల్ని వెనక్కి తీసుకోలేక అట్లాగే నిలబడ్డాను.

పెయింటింగును మా ఆవిడ ముందుగదిలో అందరికీ కనిపించేటట్టు తగిలించింది. నేను దానికి వీపు పెట్టి అన్నం తినడం మొదలుపెట్టాను. ఆమె రెండు రోజులు చూసి, "బహుమతి అరుగుతలేదా?" అంది. నవ్వులాటకే అన్నది, నేను కంచం జరిపి లేచాను. ఇలా కాదని కెప్టెన్ దగ్గరికి పోయి రక్తం సంగతి చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా, "ఊకో. పానం దక్కింది, గది చాలదా? నువ్వు నోరు తెరిస్తె గాయన కాలు పొడుగైతదా?" అన్నాడు. ఆయనకూ తెలుసని నాకు అప్పుడే అర్థమైంది. కాలు పొడుగవదు, నిజమే. కానీ ఆ చప్పట్లు మోయడం నావల్ల కాలేదు.

ఆదివారం పొద్దున అన్న ఒక్కడే అరుగు మీద కూర్చుని కాలికి నూనె రాసుకుంటుంటే పోయి పక్కన కూర్చున్నాను. పోటీల్లో నేను నడుము లేపడం దగ్గర్నుంచి ఆయన ప్యాంటు మీద రక్తం దాకా దాచకుండా చెప్పాను. "గా మాట అనకపోతె నీ కాలు ఇంత ఖరాబ్ కాకపోవు అన్నా" అన్నాను. ఆయన నూనె రాయడం ఆపలేదు. రాస్తూనే అన్నాడు.

"గా దినం లైట్లన్ని నా మొఖం మీదనే ఉన్నయి. ఒక్కలు మాట్లాడుతలేరు. ఇగ నా పని అయిపోయింది అనుకున్న. గప్పుడు నువ్వు నడుము లేపు అన్నవ్. సచ్చెటోన్ని ఎవలన్న లేపు అంటరా? బతుకుత అని గప్పుడే అనుకున్న తమ్మీ."

క్షమించాడేమో అని నాకు అనిపించింది, ఆశ ఎంత చెడ్డది.

"కరీంనగర్ల నొప్పి లేసినప్పుడల్ల గా మాటనే మతిల తెచ్చుకున్న" అన్నాడు. "చెప్పకపోతె బాగుండు. ఇన్ని దినాలు గా మాట మంచిగుండె నాకు."

నా బరువు దించుకుందామని వెళ్లి, ఆయన దగ్గర మిగిలిన ఒక్క మంచిమాటను లాక్కొచ్చాను. లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచాడు. "ఇగ ప్రాక్టీసుల నువ్వు పండుకోకు. రేపటి సంది నేనొచ్చి పండుకుంట" అన్నాడు.

అన్నట్టే మర్నాడు మేం షిఫ్టు దిగి మైదానంలో ప్రాక్టీసుకు చేరేసరికి వచ్చాడు. చేతికర్ర పక్కన పెట్టి, ఒకరి భుజం పట్టుకుని, నానా తంటాలు పడి నేలమీద వెల్లకిలా పడుకున్నాడు. కెప్టెన్ వద్దని చెప్పబోయి ఆయన ముఖం చూసి ఊరుకున్నాడు, గుడ్డ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన మోకాలి కింద చెయ్యి పెట్టాను. అది కొయ్యలా బిగుసుకుని ఉంది. గుడ్డ సగం దూరి ఆగిపోయింది. ఇంకో చేత్తో లాగినా రాలేదు. ఆయన ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు, నా వైపు చూడలేదు, ఒళ్లు ఇసుమంతైనా కదపలేదు. నేను గుడ్డ బయటికి తీసి, మడత సరిచేసుకుని, మళ్లీ మొదటి నుంచి దూర్చడం మొదలుపెట్టాను.