ఎందుకు ఆపితివని అడగగూడదు

నిన్న టీవీలో రాకెట్టు ఎగరబోయే ముందు వెనక్కి ఎంచే లెక్క టక్కున ఆగిపోయింది. ముందుముందు మనుషుల్ని కూర్చోబెట్టి పంపే డబ్బా అంట, ఈసారికి ఖాళీగా పోవాల. పక్కింటాయన "మనోళ్ల పని ఇంతేబ్బా" అని లేచిపోయినాడు. మా చిన్నమ్మ మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకొనింది.

ఆయమ్మకు ఈ భయం పట్టుకొని శానా ఏండ్లయింది. అప్పట్లో నాయుడుపేట పక్కన పారాచూట్లు కుట్టే ఒక షెడ్డులో పని చేసేది. ఆకాశం నుంచి దిగే డబ్బాలకు గొడుగులు కుడతాండామని చెప్తే, మా ఊరు నగరిలో మా అవ్వ "మనుషులకే లేవు, డబ్బాలకెందుకే గొడుగులు" అని నవ్వేది. చిన్నమ్మ సెలవుకు ఇంటికొచ్చిన ఒక శనివారం సాయంత్రం టీవీలో చూసినాం. అమెరికా వాళ్ల అంతరిక్ష నౌక దిగతా దిగతా ముక్కలైపోయింది, లోపల ఏడుగురు మనుషులు. చిన్నమ్మ చెయ్యి కంచంలో అట్నే ఉండిపోయింది. మెల్లగా చెప్పింది, తాను కుట్టిన గుడ్డలో ఒకచోట కుట్టు పడకుండా సూది దాటేసిందని, సూపర్‌వైజరుకు చూపిస్తే ఖాళీ డబ్బాకే కదా, పోనీ అన్నాడని. ఈరోజు ఖాళీదే, రేపు దాంట్లో ఎవురి బిడ్డ కూర్చుంటుందో అని ఆయమ్మ కంచం పక్కకు జరిపేసింది.

మా ఇంట్లో మరమగ్గాలు ఉండేవి. ఆ చప్పుడులో అరిచినా వినబడదు గాబట్టి, పోగు తెగింది ఎవురి కంటబడితే వాళ్లే పిడి లాగి మగ్గం ఆపాల, చుట్టపుచూపుగా వచ్చినోళ్లయినా సరే. చిన్నప్పుడు తెగని పోగులకు కూడా నేను శానాసార్లు ఆపినాను, ఒక్క దెబ్బ పడలేదు. ఆ రాత్రి చిన్నమ్మకు కూడా అవ్వ, మగ్గాల కాడ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

"ఎందుకు ఆపితివని అడగగూడదు. యాడ తెగిందో సూడాల."

సోమవారం చిన్నమ్మ పోయి, ఆ గుడ్డను మడిచి పెట్టెలో పెట్టనీకుండా ఒళ్లో పెట్టుకొని కూర్చొనింది. ఎవరినడిగి పని ఆపినావని కేకలేసినారంట. పని పోయింది. ఆ కుట్టు విప్పి మళ్లీ వేసినారో లేదో ఎవురూ చెప్పలేదు. అప్పట్నుంచి ఏ రాకెట్టు ఎగిరినా అది క్షేమంగా పోయేదాకా ఆయమ్మ ముద్ద ముట్టదు. రాకెట్టుకు ఒక్కపొద్దు ఉండేది నువ్వొక్కదానివే అని మేము ఎగతాళి చేసేవాళ్లం. లోపల మాకూ గుబులే.

నిన్న కాసేపటికి టీవీలో చెప్పినారు, ఏదో తేడా కనబడిందంట, అదేందో తేలేదాకా పంపేది లేదంట. అప్పుడు చిన్నమ్మ నా చెయ్యి వదిలింది.

"యాడ తెగిందో సూస్తాండారు పాపా" అనింది.

ఆ శనివారం బిగబట్టిన ఊపిరిని ఆయమ్మ, తల పూర్తిగా నెరిసినాక వదిలింది.