అత్త ముందర ఇంగ్లీషు పాఠం

మా ఆయన మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ ఒక్క ఇంగ్లీషులోనే. ఉర్దూలో ఆయనకు ఎదురు లేదు. లెక్కల్లో అయితే మా మామే ఆయన్ను అడిగి తెలుసుకునేవాడు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పలుపు తెంపుకున్న బర్రెల్లాగా మాటలు తలా ఒక దిక్కు పోయేవి. నేను కాపురానికి వచ్చింది ఆ రెండో తప్పు తర్వాతనే. వచ్చినాక తప్పి ఉంటే కొత్త కోడలి పాదం మంచిది కాదనేవాళ్లు. ముందే తప్పి నన్ను బతికించాడు.

మా ఊరు పాలమూరు జిల్లాలో, షాద్‌నగర్‌కు బండి మీద పొద్దున పోయి మాపటికి తిరిగొచ్చేంత దూరంలో ఉండేది. మామకు మా ఇంటికి ఎదురుగా, బాటకు అవతల కిరాణా దుకాణం ఉండేది. వారానికొకసారి అంగడికి బండి కట్టుకుపోయి బెల్లం, చింతపండు, మిరపకాయలు అమ్ముకొచ్చేవాడు. ఆయన కొడుకును కూర్చోబెట్టి ఒక్క మాట తేల్చి చెప్పాడు.

"గీసారి సుత తప్పినవంటే ఇగ చాలు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టున్నది నీ కథ. వచ్చి తక్కెడ పట్టు. నాకు నడుం వంగుతలేదు."

తక్కెడ పట్టడం తప్పు పనేమీ కాదు. కానీ మా ఆయనకు కచేరీలో గుమాస్తాగా కుర్చీలో కూర్చోవాలని చిన్నప్పటి నుంచి కోరిక. నాకూ ఒక కోరిక ఉండేది. ఆయనకు కొలువు దొరికితే పాలమూరులో ఒక కిరాయి అర్ర, ఒక్క గదైనా సరే, తీసుకుంటాం, ఆ అర్రలో నా మొగనితో నేను గొంతెత్తి మాట్లాడుకోవచ్చు. నవ్వుతారేమో, ఆ రోజుల్లో అది చిన్న కోరిక కాదు.

ఎందుకంటే మా ఇంట్లో పెద్దల ముందర మొగడూ పెళ్లాం మాట్లాడుకోవద్దు. ఆయన వస్తుంటే నేను లోపలికి జరగాలి. దానికి తోడు, పెండ్లామొచ్చినాక పిలగానికి చదువు మీద మనసు నిలుస్తలేదని ఎవరో అన్నారట, పరీక్ష పాసయ్యేదాకా ఆయన దుకాణంలో పడుకోవాలని, నేను అత్త పక్కన పడుకోవాలని హుకుం అయింది. ఒక్క ఇంట్లో ఉంటూ ఆయన నాకు దూరపు చుట్టమయ్యాడు. ఆయనకు కూర నచ్చిందో లేదో కూడా గిన్నె చూసి తెలుసుకునేదాన్ని. నాకు ఒళ్లు మండేది, కానీ ఎవరితో చెప్పుకోను?

మా అత్త సంగతి ఇంకా విచిత్రం. ఆమె మామను ఎన్నడూ పిలవలేదు. పేరు ఎట్లాగూ నోట రావద్దు. "ఇగో" అనో "ఓ పిలగాని బాపూ" అనో అనడానికి కూడా ఆమెకు సిగ్గే. అన్నం వేళకు ఇత్తడి చెంబును వాకిట్లో బండ మీద ఠంగుమని పెట్టేది. ఆ చప్పుడుకు బాటకు అవతల మామ గల్లా పెట్టె మూసి లేచేవాడు. కోపంగా ఉన్ననాడు చెంబు గట్టిగా మోగేది. ఆనాడు మామ జర తొందరగా వచ్చేవాడు. కొత్తలో నాకు నవ్వు ఆగేది కాదు. తర్వాత ఆలోచిస్తే, నాకు ఆ చెంబు కూడా లేదు.

మరి పాఠం ఎట్లా మొదలైందంటే, ఇంగ్లీషులో క్రియలకు మూడేసి రూపాలు కంఠతా పట్టాలట. ఎవరికైనా అప్పజెబితే తప్ప ఆయనకు నిలవవట. దుకాణంలో మామకు తీరిక లేదు. ఇంట్లో తెలుగు అక్షరాలు చదవగలిగింది నేనొక్కదాన్నే, మా నాయిన పట్టుబట్టి నేర్పించాడు కాబట్టి. పుస్తకంలో ప్రతి ఇంగ్లీషు మాట మీద మా ఆయన తెలుగులో రాసుకుని ఉన్నాడు. అత్తే దారి చూపింది.

"చదువొచ్చిన కోడలు ఇంట్ల ఉండంగ ఊరంత ఎందుకురా తిరుగుడు? అది పుస్తకం పట్టుకుంటది, నువ్వు అప్పజెప్పు. నేను నడుమ కూసుంట."

అట్లా కూర్చున్నాం. ఆయన బయట అరుగు మీద, నేను గడప లోపల, అత్త ఇద్దరి నడుమ చాట ముందు వేసుకుని చింతపండులో గింజలు తీస్తూ. రెండో ప్రపంచ యుద్ధం మూలంగా దీపాలకు గ్యాసునూనె దొరకడం కష్టంగా ఉండేది, అందుకని పాఠం వెలుతురు ఉండగానే అయిపోవాలి. మొదట్లో ఆయన ఒక్కో క్రియకు తెలుగులో అర్థం గట్టిగా చెప్పి, తర్వాత మూడు రూపాలూ చదివేవాడు.

పుట్, పుట్, పుట్ నాకు బాగా నచ్చింది. నిన్న అదే, నేడు అదే, మా అత్త చేసే పప్పు లాగా. గో అన్నది వెంట్ అయినప్పుడు మాత్రం కోపమొచ్చింది. పొద్దున పోయిన మనిషి మాపటికి వేరే మొఖంతో వస్తే ఇంట్లోకి రానిస్తామా? ఇక మా ఆయన బ్రింగ్‌ను, బై‌ను ఎప్పుడూ కలిపేసేవాడు. బ్రాట్ అనాల్సిన చోట బాట్ అనేవాడు. పాఠం కదా అని ధైర్యం చేసి గడప లోపలి నుంచే అన్నాను.

"తెచ్చుడు వేరు, కొనుడు వేరు. నేను మా అవ్వగారింటి నుంచి తెచ్చిన చీర, ఎవలన్న నాకు కొనిపెట్టినట్టా?"

అత్త చాటలోకి వంగి నవ్వింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆనాటి తర్వాత ఆ రెండూ మళ్లీ కలవలేదు. రైజ్, రెయిజ్ కూడా అట్లాగే విడదీశాను. పొద్దు తనంతట తనే లేస్తుంది, ఆయన్ను మాత్రం వాళ్లమ్మ లేపాలి. దానికీ అత్త నవ్వింది. అప్పుడే మాకు అనుమానం రావలసింది.

ఒకనాడు అన్నాలయ్యాక ఆయన వచ్చి కూర్చున్నాడు. పుస్తకం తెరవకముందే, "ఈట్, ఏట్, ఈటెన్?" అన్నాడు, చివరి మాటను కొంచెం పైకి లేపి. తల ఎత్తి చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. తిన్నవా అని అడుగుతున్నాడు.

"ఈట్, ఏట్, ఈటెన్," అన్నాను, తిన్నానన్నట్టు గట్టిగా.

అదీ మా మొదటి ముచ్చట. అప్పటి నుంచి ఇక మాకు పండుగే. ఒంట్లో బాగా లేకపోతే నేను లై, లే, లెయిన్ అని నీరసంగా చదివేదాన్ని. పడుకోమని ఆయన స్లీప్ చెప్పేవాడు. మామతో అంగడికి పోయేనాడు గో, వెంట్, గాన్ అని దిగులుగా అప్పజెప్పేవాడు. నేను వెంటనే బ్రింగ్, బ్రాట్, బ్రాట్ అనేదాన్ని. ఒకసారి నిజంగానే జిలేబి పొట్లం తెచ్చి పుస్తకం కింద గడప ఇవతలికి జరిపాడు. పాకం పుస్తకానికి అంటుకుంది.

మర్నాడు అత్త పుస్తకం ఎత్తి చూసి, "గిదేం చదువే పిల్లా, చీమలు పట్టినయి?" అంది.

"ఇంగ్లీషు తియ్యగుంటదట అత్తా," అన్నాను. ఇంకేమీ తోచలేదు. ఆమె చీమలను దులిపి పుస్తకం నా చేతికిచ్చి పనిలో పడింది.

సంతోషం అట్లా సాగుతుండగా ఒకనాటి సాయంత్రం నా కళ్లు తెరుచుకున్నాయి. పరీక్ష దగ్గర పడింది కదా అని పుస్తకం చివరి నుంచి అడిగాను. స్విమ్ అన్నాను. ఆయన నోరు తెరిచి కూర్చున్నాడు. ఫ్రీజ్ అన్నాను, అదీ రాలేదు. ఫ్లై రాలేదు, సింక్ రాలేదు. తినుడు, పోవుడు, తెచ్చుడు, పండుకునుడు, మాకు పనికొచ్చిన క్రియలన్నీ ఆయనకు నాలుక మీద ఉన్నాయి. ఎండాకాలం వస్తే తాగే నీళ్లకే వెతుక్కునే మా ఊళ్లో ఈదేదెవరు, గడ్డకట్టేదెక్కడ? ఆ మాటలతో మేం ఏం ముచ్చట పెట్టుకుంటాం? సగం పుస్తకం ముట్టుకోకుండానే మిగిలిపోయింది.

నాకు భయం పట్టుకుంది. మూడోసారి తప్పితే తక్కెడ. పుస్తకం అటక మీదికి పోతుంది. పుస్తకం పోతే ఈ నాలుగు మాటలు కూడా ఉండవు. కిరాయి అర్ర సంగతి సరే సరి. నాకు కోపమొస్తే మంచిచెడ్డ ఉండదు. మర్నాడు ఆయన ఈట్, ఏట్, ఈటెన్ అని అడిగితే జవాబివ్వలేదు. "స్విమ్," అన్నాను. మళ్లీ అదే అడిగాడు. "ఫ్రీజ్," అన్నాను. ఆయన మొఖం చిన్నబుచ్చుకుని ఫ్రీజ్, ఫ్రోజ్, ఫ్రోజెన్ చదివాడు. ఆ మర్నాడూ అంతే. నాకు మాత్రం బాధ లేదా? అన్నం సయించలేదు.

మూడోనాడు ఆయన అరుగు దిగి పోయినాక అత్త చాట పక్కన పెట్టింది.

"పిలగాడు తిన్నవా అని అడుగుతుంటే జవాబియ్యవేందే? గంత పొగరు పనికిరాదు."

గోడలకు చెవులుంటాయంటారు, నడుమ కూర్చున్న మనిషికి ఉంటాయని మేం మరిచిపోయాం. ఇన్ని రోజులూ అన్నీ విన్నది. అర్థాలు కూడా మా ఆయనే గట్టిగా చెప్పి నేర్పించాడాయె.

"అత్తా... నీకు అంత తెలుసా?"

"ఎందుకు తెల్వదు? చెవులు లేవా నాకు?"

"మరి ఎన్నడూ అనకపోతివి."

ఆమె చింతగింజలు చేతిలో ఆడించుకుంటూ కూర్చుంది.

"మీ మామ నాతోని నోరు తెరిచి మాట్లాడేటాలకు పిలగాడు పుట్టిండు," అంది. "వేరేటోళ్లతోని మాట్లాడంగ తలుపు చాటుకెల్లి వింటుంటి. మీరన్న మాట్లాడుకుంటున్నరని సంబురపడ్డ. ఇగ నువ్వు మూతి ముడుచుకుంటివి."

నాకు ఏడుపొచ్చింది. సగం పుస్తకం రాలేదన్న సంగతంతా చెప్పేశాను. అత్త లేని కోడలు ఉత్తమురాలు అని లోకం అంటుంది. ఆ లోకానికి మా అత్త తెలియదు. ఆమె అంతా విని, కొంగుతో నా మొఖం తుడిచింది.

"గంతేనా? ఫికర్ జెయ్యకు. ముందుగాల వానికి రాని పేజీ చెప్పమను. చెప్పినాక, తిన్న అను. చెప్పకుంటే అనకు. నేను సుత చూస్త."

ఇక చూడాలి మా ఆయన అవస్థ. వాళ్లమ్మకు తెలిసిపోయిందని తెలిసి ఒక రోజంతా ఇంటి దిక్కు రాలేదు. వచ్చినాక మాత్రం తప్పించుకోలేకపోయాడు. ఒక పేజీ చెబితే ఒక ముచ్చట, అదీ కట్టడి. ఆయన ఎక్కడైనా ఆగితే అత్త "ఊఁ" అని చింతగింజలు తీయడం ఆపేది. ఈదని మనిషి ఈత నేర్చాడు, గడ్డకట్టడం నేర్చాడు, ఎగరడం నేర్చాడు. పరీక్షకు పట్నం పోయేనాటికి పుస్తకం అట్టలు ఊడిపోయాయి.

ఆయన పరీక్ష రాసి వచ్చాక, నేను అత్త పక్కనే పడుకుంటూ, ఏమీ తెలియనట్టు తిరుగుతూ రోజులు గడిపాను. స్విమ్, ఫ్రీజ్ రెండూ అడిగారని చెప్పాడు. అయినా నాకు నమ్మకం లేదు. మామ కొత్త తక్కెడకు తాళ్లు పేనుతుంటే అటు చూడలేకపోయేదాన్ని.

ఫలితాలొచ్చే రోజు ఆయన తెల్లవారకముందే షాద్‌నగర్ పోయాడు, రైల్లో వచ్చే పత్రిక చూడటానికి. మాపటి అన్నం వేళకు బాట మీద దుమ్ములో నడిచి వస్తూ కనిపించాడు. దుకాణం ఎక్కలేదు. నేరుగా వాకిట్లోకి వచ్చాడు. వాళ్లమ్మ ఎదురుగా నిలబడి ఉంది, నేను గడప లోపల ఉన్నాను. ఆయన నా వైపే చూసి గట్టిగా అప్పజెప్పాడు.

"విన్, వన్, వన్."

నేను గడప దాటి బయటికి వచ్చేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అత్త రెండు చేతులూ కళ్లకు అద్దుకుని, మామకు చెప్పాలని చప్పున వంగి చెంబు అందుకుంది. బండ దాకా తెచ్చి ఆగింది. ఏమనుకుందో, చెంబును చప్పుడు కాకుండా కింద పెట్టి, వాకిలి చివరికి పోయి నిలబడి, బాటకు అవతలికి గొంతెత్తింది.

"కమ్, కేమ్, కమ్!"

దుకాణంలో మామ తక్కెడ పట్టుకుని ఉన్నాడు. బేరానికి వచ్చినవాళ్లందరూ ఇటు తిరిగారు. ఆయన తక్కెడ దించి, చెప్పులు మరిచి, ఉత్తకాళ్లతో బాట దాటి వచ్చాడు.

"నన్నేనా?" అన్నాడు.

"మరెవల్ని?" అంది అత్త.

నాకు కొలువు, కిరాయి అర్ర అన్నీ మరుపున పడ్డాయి. ఆమె ఆయన్ను పిలవడం ఎన్నడూ వినని మా సంగతి అటుంచండి, ఆయన వినడం కూడా అదే మొదటిసారి. ఆనాటి నుంచి ఆ చెంబు మా ఇంట్లో నీళ్లు తాగడానికే ఉండింది.