సూదికి ముందు అడగాల్సిన మాట

రంజిత పెదవులు పాడుచేసింది ఆమె సొంత మేనత్తే.

అది జరిగి ఆరేళ్లయింది. చెన్నై పురసవాక్కంలో రాజలక్ష్మి నడిపే పార్లరుకు అప్పుడే పెదవులకు రంగు ఎక్కించే మెషీను వచ్చింది. సాయంత్రానికి చెరిగిపోయే లిప్‌స్టిక్ రంగు కాదది. సన్నటి సూదితో చర్మం పైపొరలోకి దించితే రెండు మూడేళ్లు నిలుస్తుంది. నేర్పడానికి వచ్చిన అమ్మాయి, ఎవరైనా ఒకరు కూర్చుంటే చేసి చూపిస్తానంది. వీధిలోని మిగతా పార్లర్ల ఆడవాళ్లు పదిమంది దాకా చూడ్డానికి చేరారు. రాజలక్ష్మి తన పెదవులు ఇవ్వలేదు. అన్న కూతురి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

"అత్తా, నాకు జరం పొక్కులు వస్తాయి కదా, పెదివి మింద" అని రంజిత ఆమె చెవిలో చెప్పింది.

"పదిమందిలో చెప్పే మాటేనామే అది? గమ్మున కూసో" అని రాజలక్ష్మి, మొహం మీది నవ్వు చెదరకుండానే గొణిగింది.

మూడోనాటికి పొక్కులు లేచాయి. అంతకుముందు జ్వరం వచ్చినప్పుడు ఒక మూల రెండో మూడో వచ్చి పోయేవి. ఈసారి సూది తిరిగిన మేరంతా లేచాయి. నీళ్లు తాగాలన్నా చెంచాతో గొంతులో పోసుకోవాల్సి వచ్చింది. డాక్టరు దగ్గరికి పోదామంటే రాజలక్ష్మి, "ఇది అక్కి, నాకు తెలుసు" అని తేల్చేసి, పిల్లను ఆటోలో వ్యాసర్పాడికి తీసుకుపోయింది. ఒంటి మీద గుంపుగా నీటిపొక్కులు లేస్తే దాన్ని అక్కి అనడం, కుండలు చేసే వాళ్లతో దాని మీద జేగురు మన్నుతో సింహం బొమ్మ రాయించడం ఆ పక్క ఇళ్లలో ఇప్పటికీ ఉంది.

కన్నియమ్మ అనే ముసలామె రంజిత గడ్డం ఎత్తి చూసింది. మన్ను కలిపిన చిప్ప పక్కన పెట్టేసింది.

"ఇది నేను రాసే అక్కి కాదుమ్మా. సూది పడిన పుండు మింద మన్ను పుయ్యకూడదు. సీక్రం డాక్టరుకి చూపించు."

"ఇంత దూరం వచ్చినాం. ఊరికే పంపిస్తావా? రాయి."

పోరు పడలేక కన్నియమ్మ పెదవుల జోలికి పోకుండా చెంపల మీద రెండు సింహాలు గీసి పంపింది. గోడకు సర్టిఫికెట్టు తగిలించుకున్న మనిషికి తెలియని హద్దు మన్ను కలుపుకుని బతికే మనిషికి తెలిసింది.

డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి ఇంకో నాలుగు రోజులు పోయాయి. పుండ్లు మానాయి గాని, రంగు ఒకచోట ముద్దగా నిలిచి, ఒకచోట తెల్లగా తేలిపోయింది. పై పెదవి కుడి అంచు లోపలికి లాగేసింది. ఏమైందని అడిగిన వాళ్లందరికీ రాజలక్ష్మి ఒకటే చెప్పింది: "గిల్లుకునింది. చెప్తే వింటేనా!"

ఆ మరుసటి ఏడు ఊరంతా మాస్కులు కట్టుకుంది. ఆ తర్వాత ఊరు విప్పేసింది, రంజిత విప్పలేదు. విప్పొద్దని అత్త మాట.

ఆమె తండ్రి వెంకట్రామ్‌కు వాషర్‌మెన్‌పేట్‌లో టోకు బట్టల కొట్టు ఉండేది. తల్లి ముందే పోయింది. రంజితకు పద్నాలుగో ఏట తండ్రి కూడా పోతే కొట్టు చేతులు మారింది, పిల్ల మేనత్త ఇంటికి మారింది. పార్లరు మీది గదిలోనే ఆమె కాపురం. ఆ గదికి వేరే దారి లేదు. దిగే మెట్లు పార్లరు మధ్యలోకి, రాజలక్ష్మి కుర్చీ ముందుకే దిగుతాయి. పాలపాకెట్టుకు పోవాలన్నా "యాడికి?" అన్న ప్రశ్న దాటి పోవాలి.

చిత్రమేమిటంటే, ఆ మెషీను పనిలో రంజితకున్న నేర్పు ఆ చుట్టుపక్కల ఎవరికీ లేదు. పెదవి అంచు ఆమె గీస్తే పుట్టుకతో వచ్చినట్టే ఉండేది. ఒకసారి అత్తకు చెప్పకుండా ఇంకో పార్లరులో పని అడిగింది. యజమాని ఆనంద్‌రాజ్ మర్యాదగానే కూర్చోబెట్టి, మాస్కు తీయమన్నాడు. చూశాక, "పని బాగా చేస్తావంటారు. కానీ నిన్ను చూసి ఎవురు పెదివి ఇస్తారమ్మా?" అన్నాడు. ఆమె మళ్లీ ఇంకెక్కడా అడగలేదు.

ఆమెకు వైద్యం చేసిన చర్మం డాక్టరు భక్తవత్సలం మాటలు మాత్రం ఆమె మరిచిపోలేదు. "ఇది చిన్నప్పుడే వచ్చి ఉంటుంది. ఎవరో ముద్దు పెట్టుకుంటేనో, ఎంగిలి గ్లాసుతోనో. తర్వాత నరంలో పడుకుని ఉంటుంది. ఎండా, జ్వరమూ లేపినట్టే సూదీ లేపుతుంది. ఒక్క మాట ముందు చెప్పి ఉంటే, రెండు రోజుల ముందు నుంచి మాత్రలు ఇచ్చి, పుండు మానేదాకా వాడమనేవాణ్ణి. చాలామందికి లేవదు. పొక్కు ఉన్నప్పుడైతే సూది దగ్గరికే రానివ్వకూడదు." ఒక్క మాట. అది ఆమె చెప్పింది. చెప్పిన నోటినే నొక్కేశారు.

అప్పటి నుంచి రంజిత కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడమనిషినీ ఆ మాట అడిగేది. అయితే పార్లరుకు ఎవరూ ఒంటరిగా రారు. తల్లి, వదిన, పిన్ని, కాబోయే అత్త, అందరూ సోఫా నిండా కూర్చుని వింటుంటే అడగాలి. జవాబు ఎప్పుడూ ఒకటే: లేదు. ఫారంలో ఆ ప్రశ్న ఉంది గాని, దాని ఎదురుగా మనిషి రాకముందే "లేదు" అని రాజలక్ష్మి టిక్కు పెట్టేసి ఉంచుతుంది. పని తొందరగా అవుతుందని.

ఒక మంగళవారం పంకజం అనే ఆవిడ కాబోయే కోడల్ని తీసుకుని వచ్చింది. పిల్ల పేరు ఆశ. ఇరవై నాలుగేళ్లుంటాయి. పంకజం పర్సులోంచి కేలండరు కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"పదిన్నర నుంచి పదకొండున్నర దాకా నల్ల నేరం, మంచి గడియ. దానిలోపల మొదటి సూది పడిపోవాల. పెండ్లికి ఇంకా ఇరవై రెండు రోజులుండాది. పిల్ల పెదివి కొంచం నలుపు, ఫోటోలో బాగుండదు. మా పిల్లోడు శ్రీకుమార్ ఏమీ అనడు, పావం. నేనే అంటాను."

"మీరు అనకపోతే ఎవురంటారమ్మా" అని రాజలక్ష్మి నవ్వింది.

రంజిత ఆశ కింది పెదవి మెల్లగా లాగి, లైటు దగ్గరికి తెచ్చింది. అంచున ఆవగింజంత తెల్లమచ్చ. "పెదివి మింద జరం పొక్కులు ఎప్పుడన్నా వచ్చినాయామ్మా?" అని అడిగింది. ప్రశ్న పూర్తయ్యేలోపే ఆశ వేలు సరిగ్గా ఆ మచ్చ మీదికి పోయింది.

"లేదు" అంది ఆశ.

"ఏం పొక్కులు?" పంకజం ముందుకు వంగింది. "ఆ హెర్పీస్ అంటారే, అదా? మా తమ్ముడి వీదిలో ఒక పెండ్లే నిలిచిపోయింది ఆ పేరుతో. తిరుగుబోతు రోగం. మా ఇంటికొచ్చే పిల్లకి అట్లాంటివి ఎట్లా ఉంటాయి?"

"ఊరికే అడిగేదమ్మా, ఫారంలో ఉండాది" అని రాజలక్ష్మి రంజిత వైపు కళ్లెర్ర చేసింది.

రంజిత మొహం కడిగిస్తానని ఆశను వెనక గదికి తీసుకుపోయింది. పంకజం కూడా లేచింది గాని, "ఒకరికే చోటమ్మా" అని తలుపు వేసేసి కొళాయి తిప్పింది.

"నాతో నిజం చెప్పు. ఆమెకి వినపడదు."

ఆశ అద్దంలోకి చూస్తూ చెప్పింది. "ఏడాదికి రెండుసార్లు వస్తాయక్కా. ఎండలో తిరిగితే, నిద్ర లేకపోతే. స్కూల్లో చదివేటప్పటి నుంచీ. ఆంటీకి చెప్పొద్దు, ప్లీజ్. ఆమె ఫోన్లో వెతికి ఆ పేరు చూసిందంటే అంతే."

"రెండు రోజులు ఆగు. డాక్టరు మాత్రలు రాస్తాడు. వేసుకోని వస్తే నేనే చేస్తా."

"ఏమని చెప్పి ఆపేది? పరవాలేదక్కా, చేసేయండి. అందరికీ ఏం కాదు కదా."

రంజిత కొళాయి కట్టలేదు. మెషీను చెడిపోయిందంటే లోపల ఇంకొకటి ఉంది. చెయ్యి నొప్పంటే రాజలక్ష్మి తానే సూది పట్టుకుంటుంది, ఆమెకు భయం లేదు. నిజం చెప్తే ఈ పిల్ల పెళ్లి ఆగుతుంది. చెప్పకపోతే మూడోనాటికి పెదవులు పోతాయి, వాటితో పాటు పెళ్లీ ఆగుతుంది. ఆరేళ్ల క్రితం తను కూర్చున్న చోట ఈ పిల్ల కూర్చుంటుంది. పక్కన తను సూది పట్టుకుని నిలబడుతుంది.

"మొహం కడిగేదానికి మెరీనాకి పోయి నీళ్లు తెస్తావుండారా?" అని బయట రాజలక్ష్మి కేక వేసింది.

బయటికి వచ్చేసరికి గడియారంలో పదకొండు దాటింది. రాజలక్ష్మి పెదవి మొద్దుబారడానికి రాసే క్రీము చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. రంజిత కుర్చీకి, ఆశకు మధ్యన నిలబడింది. చెవుల వెనక దారాలు తీసి మాస్కు జేబులో పెట్టుకుంది.

"అయ్యయ్యో!" అంది పంకజం. చూపు తిప్పుకుంది. మళ్లీ చూసింది.

"ఈ కుర్చీలోనేమ్మా" అంది రంజిత. "నాకు జరం పొక్కులొస్తాయి. మాత్ర లేకుండా సూది పెట్టినారు, ఇట్లయింది. అది తిరుగుబోతు రోగం కాదమ్మా. పసిబిడ్డని ఎవురో ముద్దు పెట్టుకుంటే అంటుకునేది. ఈ వీదిలో సగం మందికి ఉంటాది. ఎవురికుండాదో పైకి తెలీదు, వాళ్లకే తెలీకపోవచ్చు. అందుకని ఈడ ఇంకమీద డాక్టరు చూసినాకే సూది. ఈ పిల్లకే కాదు, ఎవురొచ్చినా."

పంకజం రాజలక్ష్మి వైపు తిరిగింది. "ఎవురొచ్చినానా? నిజమా?"

రాజలక్ష్మి చేతిలో క్రీము అట్లాగే ఉంది. కాదంటే ఆ పెదవులకు తాను జవాబు చెప్పాలి. వ్యాపారం ఆమెకు ఒంట్లో పుట్టిన విద్య. రెండు క్షణాల్లో నవ్వు మొహానికి వచ్చేసింది.

"అవునమ్మా, అది మా రూలు. చెప్పేది మరిచిపోయినా. శుక్రవారం కూడా నల్ల నేరం ఉండాది, చూడండి."

ఆ సాయంత్రం భక్తవత్సలం దగ్గర, రోగి ఒక్కరే లోపలికి రావాలని నర్సు పంకజాన్ని బెంచీ మీదే ఆపేసింది. రంజిత ముందే ఫోను చేసి బతిమాలుకుంది. మందుల షాపులో "ఏం మాత్ర ఇది?" అని పంకజం అడిగితే, "సూదికి ముందు వేసుకునేది ఆంటీ" అంది ఆశ. అందులో అబద్ధమేమీ లేదు.

శుక్రవారం రంజిత రంగు ఎక్కించింది. లేపనం వేలితో రాయొద్దని, ప్రతిసారీ కొత్త ఇయర్‌బడ్‌తో అద్దమని, మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్లూ ఆపొద్దని చెప్పి పంపింది. ఆ వారమంతా ఫోను పక్కన పెట్టుకునే పని చేసింది. ఆశ రోజూ ఫోటో పంపింది. మూడోనాడు ఏమీ లేదు. అయిదోనాడు పల్చటి పొట్టు లేచింది, అంతే. ఎనిమిదోనాటి ఫోటోలో దానిమ్మ గింజ రంగు పెదవులు నవ్వుతున్నాయి. రంజిత మేడ మీది గదిలో కూర్చుని ఆ ఫోటో చాలాసేపు చూసింది.

రాజలక్ష్మి ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నెల తిరక్కముందే పార్లరు ముందు కొత్త బోర్డు వెలిసింది: "డాక్టరు సలహాతో పెదవుల రంగు. మా ప్రత్యేకత." పక్కన రాజలక్ష్మి ఫోటో. పంకజం కొడుకు పెళ్లిలో పదిమందికి చెప్పింది, పదిమందీ వచ్చారు. వచ్చిన ప్రతి ఒక్కరి ముందూ రాజలక్ష్మి పిలిచేది: "రంజూ, ఆ మాస్కు తియ్యి. అమ్మకి చూపించు." రంజిత తీసేది. వాళ్లు నాలుక చప్పరించేవాళ్లు. ఒకరిద్దరు అడిగి ఫోటో కూడా తీసుకున్నారు. "పావం, వేరే పార్లరులో చేయించుకోనింది. దీన్ని చూసే నేను ఈ రూలు పెట్టినా" అని రాజలక్ష్మి కన్నీళ్లు తుడుచుకునేది. మొదటిసారి విన్నప్పుడు రంజితకు నవ్వొచ్చింది. తర్వాత అదీ రాలేదు. ఆరేళ్లు ఆమె గాయాన్ని దాచమన్నారు, ఇప్పుడు చూపించమంటున్నారు. రెండూ చెప్పేది ఆ ఒక్క నోరే.

పెళ్లయిన అయిదు వారాలకు ఆశ రంగు సరిచేయించుకోవడానికి వచ్చింది. రెండు రోజులుగా మాత్రలు వేసుకుంటూనే ఉంది. ఈసారి వెంట ఎవరూ లేరు. పక్క కుర్చీలో కూర్చున్న ఎవరికో రాజలక్ష్మి ఆ వేరే పార్లరు కథ చెప్తోంది. ఆశ చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ కుర్చీలోనే అన్నారు కదక్కా మీరు! ఆమె అట్లా చెప్తావుంటే గమ్మునుండారే? వచ్చేయండి. అన్నానగర్‌లో మా వదిన పార్లరు పెడతా ఉంది. నేను మాట్లాడతాను."

రంజిత సూది కొత్తది తీసి బిగించింది. లైటు దగ్గరికి లాక్కుంది. ఆ ఇద్దరూ కలవడం అదే ఆఖరు. ఆ రోజు ఆమె అన్నది ఇది:

"నా మొహం చూసినాక పిల్లోళ్లు నిజం చెప్తావుండారు ఆశా. ఈ నెలలో ఆరుగురు కొళాయి తిప్పి చెప్పినారు. నేను పోతే ఈమె ఎవుర్నీ అడగదు. కతలు ఆమెని చెప్పుకోనీ. అన్నానగర్ గురించి నాకు చెప్పబాక, రాత్రికి నిద్ర పట్టదు. ఇంక మాట్లాడబాక, కదిలితే అంచు వంకరపోతాది."