నీడకు ఆరిన పొగాకు

పెరట్లో పండించిన పొగాకును మిరపకాయల్లాగే మిద్దెమీద ఎండకు పరవమన్నారు మా మామగారు. ఆయన చుట్టల కోసమే పెంచినా, నేను వినలేదు. కమలాపురం ఎండకు ఆకు పచ్చిగానే పెళుసెక్కిపోతుంది. దండలు గుచ్చి వసారా నీడలో వేలాడగట్టాను.

"నీడలో యాడ ఆరతాదమ్మా? బూజు పడతాది," అని రోజూ సణిగారు.

ఆకు గోధుమరంగుకు తిరిగాక, పొద్దెక్కితే పొడైపోతుందని, తెల్లవారి మంచుకు మెత్తబడినప్పుడే దించి గోనెపట్టాల కింద మగ్గబెట్టాను.

పట్టాలు తీసిన రోజు వసారా అంతా బెల్లప్పాకం వాసన. మామగారు చుట్ట చుట్టుకుని, చివరిదాకా కాల్చి వీధిలోకి వెళ్లారు. పక్కింటాయనతో ఆయన మాటలు వినిపించాయి.

"పొగాకును ఎండకు యాడన్నా ఏస్తారేమప్పా? నీడకే ఆరాల!"

వంటింట్లోంచి గట్టిగా నవ్వాను, ఆయనకు వినపడాలనే.